తెర తీసేశాక

పనెవెజిస్‌లో హాలు మూసేసిన ఏడు
కుర్చీలు ఒక బడికి పోయాయి,
తెరను ఎవరో రైతు బీట్‌దుంపల కుప్ప మీద కప్పుకున్నాడు.
తెర వెనకాల పెట్టెలు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.
కట్టెల లెక్కన తూచి నాకిచ్చారు.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
కింది ఇంటి రొముఆల్దాస్, నేనూ, ఒక తాడూ.
మలుపు దగ్గర గోడ పెచ్చు ఊడింది,
ఇప్పటికీ అలాగే ఉంది.
పెట్టెలు దించాక గదిలో మిగిలింది
నా కుర్చీ, అక్క కుర్చీ,
వాటి మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి.

మొదటి రాత్రి పెట్టిన రికార్డులో ఒక ఆడగొంతు.
పాట కాదు అది,
ముఖం మీదికి విసిరిన పళ్లెం.
దానిదేం తప్పు?
ఆరువందల మంది ఉన్ని కోట్ల గుండా,
సిగరెట్ పొగ గుండా,
అన్నిటికంటే ముందు తెరకున్న సన్న చిల్లుల గుండా
దూసుకుపోవడం నేర్పారు దానికి.
ఇక్కడ తెర లేదు.
కోట్లు రెండే, అవీ కొక్కేనికి.
మూడు మీటర్ల దూరంలో నేను.

వెనక పలక విప్పాను.
రేకు డబ్బా. మూత లోపల పెన్సిలుతో ఎవరిదో సంతకం, తేదీ,
ఆ పూట భోజనం కూడా: బఠాణీ సూపు.
తారులో పోతపోసిన కాయిళ్లు.
నూనె కాగితం కెపాసిటర్లు, ఒకటి చెమర్చింది.
ఈ డబ్బాకున్న పని ఒక్కటే,
వచ్చిన ధ్వనిని రెండు పాయలు చేయడం.
ఐదువందలకి కిందిది పెద్ద అట్టకి,
పైది ఇనుప నోటికి.
లాకులు అలాగే ఉన్నాయి.
లాకుల దగ్గర మనిషే ఎప్పుడో వెళ్లిపోయాడు.

చలికాలమంతా టంకం పొగ.
అక్క కిటికీ తెరిచేది, నేను మూసేవాణ్ని.
కాయిల్ చుట్లు విప్పాను,
లెక్క తప్పాను, మొదటికి చుట్టాను.
హార్న్‌కి ముందు రెసిస్టర్లు:
ఎనిమిది డెసిబెల్ తగ్గాలి,
కాదు పది,
కాదు తొమ్మిది.
ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆడగొంతు పళ్లెం కింద పెట్టింది.
నా ఎదురుగా కూర్చుంది.
చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం
మొట్టమొదటిసారి విన్నాను.

"అక్కా, విను."

గెనొవైతె ముప్పయ్యొక్క ఏళ్లు ఆ హాల్లో టిక్కెట్లు చింపింది.
ప్రతి సినిమా తలుపుకి వీపు ఆనించి,
చివరి వరుసకి వెనక నిలబడి చూసింది, చేతిలో టార్చి.
ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుని విన్నది.
రికార్డు తిరగేశాను. అదీ విన్నది.
"ఎవరో పక్క గదిలో పాడుతున్నారు,
తలుపేసుకుని" అంది.
"అన్నీ అచ్చులే.
హల్లులు ఏం చేశావురా?"

డాక్టరు ఇచ్చిన కాగితం సొరుగులోనే ఉంది, తన మాత్రల కింద.
వెయ్యి దాకా చదునుగా వచ్చి
అక్కణ్ణుంచి మా మెట్లలా దిగిపోయే గీత.
చలికాలమంతా నా చెవినే ఇల్లనుకున్నాను.

ఎడమ పెట్టె, ఆమె వైపుది, మళ్లీ విప్పాను.
ఒక రెసిస్టర్ పీకేశాను.
మిగిలినదానికి చిన్న కెపాసిటర్ ఆనించాను,
పై గొంతులు పక్క సందులోంచి తప్పించుకుపోయేలా.
కుడిది ముట్టుకోలేదు.
రెండు పెట్టెలూ ఒక్కలా ఉండాలంటారు తెలిసినవాళ్లు.
నిజమే, నడుమ నిలబడితే పాట ఎడమకి ఒరిగి ఉంటుంది.
నడుమ ఎవరూ ఉండరు. అది దారి.

మూత బిగించే ముందు
ఆ పాత సంతకం కింద తేదీ వేశాను.
"ఈ పూట ఏం వండావు?"
"ఏమిటీ?" అంది వంటింట్లోంచి.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
లేచి ఆమె దాకా వెళ్లాను.